ఎత్తని చెయ్యి

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా వైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే కుర్ర వ్యాయామ ఉపాధ్యాయుడొకాయన ఫోన్ చేసి, బడి వార్షికోత్సవానికి చిన్న సంచిక వేస్తున్నామనీ, పాత ఆటగాణ్ణి కాబట్టి అందులో నేనొక పేజీ రాసిపెట్టాలనీ అడిగాడు. ఫుట్‌బాల్ ఆట పిల్లల శీలాన్ని ఎలా తీర్చిదిద్దుతుంది అన్నది విషయం. అదెంత పని అనుకుని ఒప్పేసుకున్నాను. ఉద్యోగంలో ఉండగానూ, దిగిపోయాకానూ ఇలాంటి మాటలు ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు. ఓర్పు వస్తుందనీ, క్రమశిక్షణ అలవడుతుందనీ, నలుగురితో కలిసి బతకడం తెలుస్తుందనీ నోటికి వచ్చేసిన పాఠం అది. కాగితం తీసుకుని కూర్చున్నాను, మూడు వాక్యాలు వాటంతటవే వచ్చాయి, నాలుగోది రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. చివరికి ఆయనకి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఆట నా శీలాన్ని తీర్చిదిద్దిన మాట నిజమే. ఎలా తీర్చిదిద్దిందో పిల్లల సంచికలో రాయడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. నా వయసు వాళ్లయితే విని అర్థం చేసుకుంటారని ఇది మీకు రాస్తున్నాను.

మాది ముంచింగిపుట్టు అవతల, ఒడిశా కొండలు కనిపించే ఒక చిన్న ఊరు. అమ్మ పుట్టిల్లు మా ఊరికి ఎదురు కొండ మీద. నడుమ ఒక గెడ్డ, అంతే దూరం. వానాకాలం గెడ్డ పొంగితే మాత్రం రెండూళ్లూ రెండు దేశాలైపోయేవి. పొలాల్లో చోళ్లూ, వలిసెలూ కోసేశాక, చైత్రంలో ఇటుకల పండగ వచ్చేనాటికి నేలంతా ఖాళీగా ఉండేది కదా, అప్పుడు మా మావ ఊరి పైనున్న మెట్టలో బంతాట మొదలయ్యేది. దాన్ని మైదానం అంటే మీరు నవ్వుతారు. ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం. పైనుంచి కిందికి ఆడేవాళ్లకి కాళ్లు తేలిగ్గా సాగేవి, కిందినుంచి పైకి ఆడేవాళ్లకి ఊపిరి చాలేది కాదు, అందుకని సగం ఆట అయ్యాక వైపులు మారేవాళ్లం. సగం అయిందని చెప్పడానికి గడియారం ఉండేది కాదు. పడమటి గట్టు నీడ వచ్చి ఒక నల్లరాయిని తాకితే సగం, ఆ రాయిని దాటి చింతచెట్టు మొదలు తాకితే ఆట ముగిసినట్టు. గోలుకి రెండు వెదురు బొంగులు, పైన అడ్డంగా అడ్డాకు తీగ. బంతి కింది గట్టు దాటిందంటే గెడ్డ దాకా దొర్లిపోయేది. దాన్ని వెతికి తెచ్చేదాకా ఇరవై రెండు మందీ చతికిలబడి చుట్టలు కాల్చుకునేవాళ్లు.

ఆ బంతి గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. తోలు బంతి, లోపల రబ్బరు తిత్తి, పైన చెప్పుల తాడులాంటి తాడుతో కుట్టు. మంచుకి తడిసి ఎండకి ఎండితే అది పనసకాయలా బిగుసుకుపోయేది. అందుకని పండగకి పది రోజుల ముందునుంచీ మా తాత, అంటే అమ్మ తండ్రి, ఇంటి అరుగు మీద కూర్చుని దానికి వలిసె నూనె పట్టించేవాడు. నూనె పట్టించేటప్పుడు ఎవరు మాట్లాడినా ఊ కొట్టేవాడు కాదు. ఆ నూనె వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ముందు తాత, తరువాత సిగ్గు, ఆ వరసలోనే గుర్తుకొస్తాయి.

మా ఆటకి రిఫరీ లేడు, ఈల లేదు. ఇది చదివే మైదాన ప్రాంతం వాళ్లు నమ్మకపోవచ్చు. బంతి ఎవడి చేతికి తగిలిందో వాడే చెయ్యెత్తాలి. కాలు అడ్డం పెట్టి పడేసినా పడేసినవాడే ఎత్తాలి. ఎత్తగానే ఆట ఆగేది, ఎదుటివాళ్లు బంతి పెట్టుకుని తన్నుకునేవాళ్లు, మళ్లీ మొదలు. పక్కవాడు చూశాననడానికి వీల్లేదు. నీ చేతి సంగతి నువ్వే చెప్పాలి, నువ్వు చెప్పిందే మాట. పెద్దవాళ్లు ఈ ఒక్క విషయంలో ఎంత పట్టుదలగా ఉండేవాళ్లంటే, ఒకసారి మా ఊరి చిన్నాన్న ఒకాయన తల దురదపెట్టి గోక్కుందామని చెయ్యి పైకి లేపితే, లేపావు కాబట్టి తగిలినట్టేనని ఎదుటివాళ్లకి బంతి ఇచ్చేశారు, వాళ్లు దాంతో గోలు కొట్టేశారు. ఆయన బతికున్నన్నాళ్లూ సంతలో ఎవరో ఒకరు, "ఏటి మావా, పేనులు తగ్గాయేటి?" అని అడుగుతూనే ఉండేవాళ్లు. మేం పిల్లలం నవ్వుకుంటూనే నేర్చుకున్నాం. నలుగురైదుగురు పెద్దవాళ్లు కేకలు వేస్తూ మనమీదికి పరిగెత్తుకొస్తుండగా, ఎవరూ చూడని తప్పుకి చెయ్యెత్తి నిలబడటం పన్నెండేళ్ల గుంటడికి ఎంత కష్టమో, ఒక్కసారి ఎత్తాక గుండెల్లో ఎంత తేలికో, నాకు స్వయంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆట ముగిశాక విందు ఉండేది. గెలిచిన ఊరు మేకపోతును గెలుచుకుంటుంది, కాని దాన్ని ఇంటికి తోలుకుపోవడానికి లేదు. అక్కడే కోసి, వండి, ఓడిన ఊరికి ముందు పెట్టాలి. అందులోనూ గోలు కొట్టినవాడు ఎదుటి ఊరి గోలీకి, అంటే గోలు కాసేవాడికి, తన చేత్తో మొదట వడ్డించాలి. ఆట మీద పుట్టిన కోపం ఆ అడ్డాకు విస్తరిలోనే చల్లారిపోవాలని పెద్దల ఉద్దేశం.

మావ ఊరి గోలీ మా బావ. మావ కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. ఆశ్రమ పాఠశాలలో మాది ఒకటే బల్ల, ఒకటే కంచం. మా బావకి గోలీ ఆట ఎవరూ నేర్పలేదు. వేసవిలో పెద్దవాళ్లు చెట్టెక్కి పనసకాయలు కోసి వదిలితే, కింద పడి చితికిపోకుండా పట్టుకోవడం చిన్నప్పటినుంచీ వాడి పని. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. బంతి వాడి చేతుల్లోకి వస్తే చప్పుడు వినిపించేది కాదు. నేను ముందు వరసలో ఆడేవాణ్ణి. పరుగు ఉండేది, అందరూ మెచ్చుకునేవాళ్లు, ఆ మెప్పు నాకు కల్లు కంటే ఎక్కువగా ఎక్కేది.

మేం తొమ్మిదో తరగతి ముగించిన ఏడు, పట్నంలోని ఒక క్రీడా హాస్టల్ నుంచి కోచ్ సారొకాయన జీపులో మా కొండలకి వచ్చాడు. మా ప్రాంతం నుంచి ఒక్క కుర్రాణ్ణి తీసుకెళ్లడానికి ఆయనకి అనుమతి ఉందనీ, తీసుకెళ్లినవాడికి తిండీ, బట్టా, చదువూ, ఆ తరువాత ఉద్యోగమూ దొరుకుతాయనీ హెడ్మాష్టారు చెప్పారు. సారు మా పండగ ఆట చూస్తానన్నారు. ఆ మాట విన్న దగ్గరనుంచీ నేను నిద్రపోలేదు. బావ మాత్రం పనసచెట్ల కింద తిరుగుతూనే ఉన్నాడు. "ఎవుడో ఒకడు ఎల్తాడు బావా. నువ్వెల్తే నాకు బూట్లు అట్టుకురా, నానెల్తే నీకట్టుకొత్తాను" అన్నాడు. నేను సరేనన్నాను. లోపల మాత్రం వాడు వెళితే నా గతేమిటని లెక్కలేసుకుంటున్నాను.

ఆట రోజున గట్టు నిండా జనం. సారుకి పై గోలు వెనకాల నులక మంచం వేశారు, పక్కనే తాత. మా ఊరు ఆ సగంలో పైనుంచి కిందికి ఆడుతోంది, అంటే బావ నిలబడిన గోలు పల్లంలో, సారుకి చాలా దూరంలో ఉంది. ఇరు పక్షాలూ చెరో గోలు కొట్టి ఉన్నాయి. నీడ నల్లరాయి దాటి చింతచెట్టు దగ్గరికి వచ్చేస్తోంది. అంతకుముందు నేను రెండుసార్లు గట్టిగా తన్నిన బంతిని బావ చప్పుడు లేకుండా పట్టేసుకున్నాడు. రెండోసారి పైనుంచి సారు మంచం మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టడం నేను చూశాను. ఆ చప్పట్లు నాకు కాదు.

అప్పుడు మావాడొకడు పైనుంచి ఎత్తుగా బంతి కొట్టాడు. నేనూ, ముందుకొచ్చిన బావా ఒక్కసారే ఎగిరాం. తల అందదని నాకు తెలిసిపోయింది. నా ఎడమ చెయ్యి లేచి, మణికట్టుతో బంతిని వాడి వేళ్ల పక్కనుంచి తోసింది. అది మెల్లగా రెండు బొంగుల నడుమనుంచి దొర్లిపోయింది. గట్టు మీద జనానికి నా వీపే కనిపించింది, పైగా పడమటి ఎండ వాళ్ల కళ్లలో పడుతోంది. చూసినవాళ్లం ఇద్దరమే.

దీని తరువాతి సంగతి రాయడానికే నాకింత కాలం పట్టింది. బావ కేక వెయ్యలేదు, గొడవ చెయ్యలేదు. వెనక్కి నడిచి వెళ్లి బంతి తెచ్చి, నేల మీద పెట్టి, కాలితో మట్టి సర్ది, మావాళ్లని దూరం జరగమని సైగ చేశాడు. నేను చెయ్యెత్తుతానన్న దాంట్లో వాడికి అనుమానమే లేదు. తన్నడానికి సిద్ధమై తలెత్తి నావైపు చూశాడు. నా చేతులు రెండూ కిందే ఉన్నాయి. మావాళ్లు అప్పటికే నన్ను భుజాలమీదికి ఎత్తుకుంటున్నారు.

"ఏటి బావా, సెయ్యెత్తవేటి? బేగి ఎత్తు, పొద్దుపోతంది" అన్నాడు నవ్వుతూనే. నేను వినపడనట్టు మొహం తిప్పుకున్నాను. వాడి నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.

అరుపులు పెరిగి తాత పైనుంచి దిగివచ్చాడు. రెండూళ్ల జనం మా చుట్టూ మూగారు. తాత నన్ను అందరి నడుమ నిలబెట్టాడు. మనవడివని గాని, ఎదుటి ఊరివాడివని గాని ఆయన మొహంలో ఏమీ లేదు. "నేల మీద నిలబడి సెప్పు. తగిలిందా?" అన్నాడు. కింద గెడ్డ పారే చప్పుడు వినపడుతోంది. "నేదు తాతా" అన్నాను. నా గొంతు వణకలేదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

బావ ముందుకొచ్చి, "అబద్దం తాతా, నా కల్లతో నాను సూసాను" అన్నాడు. తాత వాడివైపు తిరిగాడు. "కల్లు సూసింది ఆటలో సెల్లదురా. సెయ్యి గలోడు సెప్పిందే మాట. నీ మాట ఎనక్కి తీసుకో." బావ తీసుకోలేదు. ఎదుటివాడి మాటని అబద్ధమన్నవాడు మళ్లీ పండగ దాకా బంతి ముట్టరాదన్నది రెండూళ్ల కట్టు. తాత ఆ కట్టు తన కొడుకు కొడుకు మీదే, నా అబద్ధాన్ని నమ్మి, తన నోటితోనే చెప్పాడు. బావ చేతులకి చుట్టుకున్న గుడ్డపేలికలు విప్పి అక్కడే పడేసి పక్కకి వెళ్లిపోయాడు.

సాయంత్రం విందులో ఆనవాయితీ ప్రకారం నేనే వాడికి ముందు వడ్డించాలి. అలిగి రాడేమోనని ఆశపడ్డాను. వచ్చాడు, విస్తరి ముందేసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. నేను వంగి ముక్కలు వేస్తుంటే పక్కవాళ్లకి వినపడకుండా, "ఎడం సెయ్యి బాగుందా బావా? దెబ్బేటీ తగల్నేదు గదా?" అని అడిగి, పెట్టినదంతా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఇంతవరకూ చెప్పింది కుర్రతనం అని మీరు నన్ను క్షమించవచ్చు. పదిహేనేళ్ల పిల్లాడు, ఎగిరినప్పుడు చెయ్యి లేచింది, భయం వేసి అబద్ధమాడాడు అనుకోవచ్చు. నేను కూడా చాలా ఏళ్లు అలాగే అనుకుని నన్ను నేను ఊరడించుకున్నాను. కాని మర్నాడు ఉదయం జరిగినదానికి అలాంటి ఊరట లేదు. సీటు నాకే ఇచ్చి, కాగితాలు రాయించడానికి సారు నన్ను జీపులో బడికి తీసుకెళుతున్నారు. దారిలో ఆయన, "ఆ గోలీ కుర్రాడి చేతులు చూశావా? అలాంటి చేతులు నేను పదేళ్లలో చూడలేదు. పైవాళ్లకి రాసి ఇంకో సీటు అడుగుదామనుకుంటున్నాను. కాని నిన్న పెద్దల మాట వినలేదట కదా. మనిషి ఎలాంటివాడు? నువ్వు చుట్టానివి, నీకు తెలుస్తుంది" అన్నారు. నిజం చెబితే నన్ను జీపులోంచి దింపేస్తారేమో అని భయం. చెప్పకపోయినా కనీసం మంచివాడండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా సీటుకి వచ్చిన నష్టమేమీ లేదు, ఆయన అడిగేది ఇంకో సీటు. బాగా ఆలోచించుకునే చెప్పాను. "కోపం ఎక్కువండి. హాస్టల్లో ఉండలేడండి." సారు తలూపి, ఆ తరువాత రోడ్డు గురించీ, ఘాటీల గురించీ మాట్లాడారు. నిన్నటి తప్పు పరుగులో జరిగింది. దీన్ని మెత్తటి సీటు మీద కూర్చుని, గాలి చల్లగా తగులుతుండగా చేశాను.

పట్నం వెళ్లే ముందు చుట్టాలకి చెప్పి రావాలని అమ్మ పంపితే మావ ఇంటికి వెళ్లాను. బావ చెల్లెలు ఊటగెడ్డ దగ్గర బిందె నింపుకుంటోంది. ఆ గుంటని నాకే ఇస్తారని మా ఇళ్లలో అనుకునేవాళ్లు. నన్ను చూసి బిందె ఎత్తుకుంటూ, "ఆటలో లేవని సెయ్యి పెల్లిలో లేత్తాదేటి? నాకొద్దు బాబూ" అని చక్కా వెళ్లిపోయింది. తన అన్న చెప్పింది అబద్ధం కాదని ఆ ఊళ్లో నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. తరువాత ఆమె ఒడిశా వైపు సంబంధం చేసుకుంది. హాయిగా ఉంది.

హాస్టల్లో నా తప్పుకి ఒక శాస్త్రం కూడా దొరికింది. ఈల వినపడేదాకా ఆడాలని మొదటి రోజే నేర్పారు. తప్పు చూడటం రిఫరీ పని, ఆడటం మన పని. ఎంత సుఖమైన మాటో! నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి. చొక్కా పట్టుకు లాగడం, తగలకుండానే పడిపోవడం, పడ్డాక మోకాలు పట్టుకుని మూలగడం అన్నీ వచ్చేశాయి. వెళ్లేటప్పుడు నా సర్టిఫికెట్ మీద సత్ప్రవర్తన గలవాడు అని రాసిచ్చారు. ఆటల కోటాలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అక్కడా అదే ఆట ఆడాను. కింది ఉద్యోగి రాసిన కాగితం మీద నా సంతకం పెట్టి మెప్పు పొందాను. ఒకసారి నా చేతిలో పోయిన ఫైలుకి, అప్పుడే బదిలీ అయి వెళ్లిపోయినవాణ్ణి కారణంగా చూపించాను. ఈల వినపడలేదు కాబట్టి తప్పు జరగలేదు. ఆట శీలాన్ని తీర్చిదిద్దుతుందంటే కాదనను. మా తాతలు ఒకలా తీర్చిదిద్దాలని చూశారు, నేనే ఇంకోలా తీర్చిదిద్దించుకున్నాను.

బావకి ఏడాది అన్న శిక్ష జన్మంతా అయింది. వాడు మళ్లీ గోల్లో నిలబడలేదు. ఆ ఏడాది తరువాత మా కొండల్లో ఆట కూడా మునుపటిలా సాగలేదని అమ్మ చెప్పేది. చెయ్యెత్తినా ఎత్తకపోయినా అనుమానాలే, ప్రతి ఆటా తగువే. రెండో ఏడు పెద్దలంతా కూర్చుని, మనవల్ల కాదని, బడినుంచి డ్రిల్లు మాష్టార్ని ఈలతో సహా పిలిపించుకున్నారట. ఆ మొదటి ఈల ఊదిన రోజున తాత అరుగు మీదనుంచి లేచి, ఇంట్లోకి పోయి పడుకున్నాడట. బంతికి నూనె పట్టించే పని ఆ తరువాత ఎవరూ చెయ్యలేదు.

రిటైరయిన రెండో ఏడు, కాఫీ పళ్లు కోసే రోజుల్లో, ధైర్యం చేసి బావ దగ్గరికి వెళ్లాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద బుట్ట నడుముకి కట్టుకుని పళ్లు కోస్తున్నాడు. ఆ రోజు చెయ్యి తగిలిందని చెప్పాను. వాడు కోత ఆపలేదు. "నాకు సెప్తావేటి బావా? నాకు తెల్దేటి? తెల్నోల్లకి సెప్పుకో" అన్నాడు. కాసేపటికి, "వొచ్చినోడివి ఊరకే నిలబడ్డావేటి, ఆ కొమ్మొంచు" అన్నాడు. వంచాను. పక్కపక్కనే కోస్తుంటే వాడే అన్నాడు, "ఆ సారు నన్ను సూసే ఉంటారు. పనికిరానని ఒదిలేసారు. గోలీకి పెద్ద సేతులుండాలంట గదా. నావి సిన్న సేతులు." జీపులో జరిగింది చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పలేదు. చిన్న తప్పు ఒప్పుకుని, పెద్దదాన్ని బుట్టలో పళ్ల కింద దాచుకుని ఇంటికొచ్చాను. వాళ్లావిడ వడ్డించిన అన్నం తిని మరీ వచ్చాను.

తెలియనివాళ్లకి చెప్పుకోమన్నాడు. ఆ తెలియనివాళ్లలో వాడే ఒకడని వాడికి తెలియదు.

అందుకని ఈ కాగితాలు ఇంకెవరికీ పంపకముందు, పోయిన సంత రోజున ముంచింగిపుట్టు వెళ్లాను. బావ పిప్పళ్లు అమ్ముకుని టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని మొదటినుంచీ చదివాను. పేనుల మావ దగ్గర పకపకా నవ్వాడు. బూట్ల మాట దగ్గర, "ఇలగన్నానేటి? నాకు గురుతు నేదు" అన్నాడు. జీపు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. వాడు తొందరపెట్టలేదు. నీళ్లు తాగి చదివేశాను. చెంప మీద కొడతాడనీ, కొడితే బాగుంటుందనీ అనుకున్నాను. వాడు కాగితాలవైపు వంగి, "అంటే, సారు నన్నడిగారా?" అన్నాడు. అవునన్నాను. "సేతులన్నారా? నా సేతులా? పదేల్లలో సూడ్నేదన్నారా? మల్లీ సెప్పు." మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. కాఫీ జిగురు నల్లగా పట్టిన ఆ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, డెబ్బై ఏళ్ల మనిషి, బడిలో బహుమతి వచ్చిన పిల్లాడిలా చూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్లూ నేను దాచింది నా తప్పు ఒక్కటే కాదు, వాడికి రావలసిన మెప్పును కూడా నా దగ్గరే ఉంచేసుకున్నాను.

ఇంతలో వాళ్లావిడ ఉప్పు కొనుక్కుని వచ్చింది. బావ ఆమెతో ఆపుకోలేక, "ఇన్నావేటే, ఆ పట్నం సారు నా సేతుల్ని మెచ్చుకున్నారంట" అన్నాడు. ఆమె మూట దించి, "మరి నిన్ను తీసుకెల్నేదేటి?" అని అడిగింది.

బావ నావైపు చూశాడు. పల్లపు గోల్లో బంతి నేలమీద పెట్టి, మట్టి సర్ది, తలెత్తి చూసినప్పటి చూపే. టీ కొట్టులో పది మంది ఉన్నారు, మా ఊరివాళ్లూ ఉన్నారు, వాళ్ల ఊరివాళ్లూ ఉన్నారు. నేను లేచి నిలబడి, "బావ హాస్టల్లో ఉండలేడని సారుతో నేనే చెప్పానమ్మా. బంతి నా చేతికి తగిలిన మాటా నిజమే. ఆ రోజు తాతకి నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. ఆమె మూట మళ్లీ నెత్తిన పెట్టుకుని, "మా ఇంట ఎన్నిసార్లు తిన్నావన్నా" అని మాత్రం అని నడిచింది. బావ లేచి ఆమె వెనకే వెళ్లాడు. వస్తానని చెప్పలేదు. వాడి మొహంలో ఇందాకటి వెలుగు అప్పటికే తగ్గిపోతోంది. మెప్పు విన్న సంతోషం మీదికి, అది ఆలస్యంగా విన్న దుఃఖం ఎక్కుతోందనుకుంటాను.

ఇప్పుడు మా కొండల్లో ఆటలు బాగా జరుగుతున్నాయి. చదునుగా తోలిన మైదానాలు, నైలాను వలలు, ఆడపిల్లల జట్లు కూడా ఉన్నాయి, చూస్తే ముచ్చటేస్తుంది. ముగ్గురేసి రిఫరీలు, చేతుల్లో జెండాలు, గట్టు మీద వందమంది చేతుల్లో ఫోన్లు. ఒక కుర్రాడి భవిష్యత్తు ఇంకో కుర్రాడి నోటి మాట మీద ఆధారపడే రోజులు పోయాయి, అది మంచికే. బంతి ఎవరికి తగిలినా పిల్లలు ఇప్పటికీ చేతులెత్తుతున్నారు, ఎదుటివాడి తప్పు రిఫరీకి చూపించడానికి. వాళ్లననడానికి నేనెవణ్ణి. మా తాత కాలంలో ఒక మనిషిని మైదానం నడుమ నిలబెట్టి తగిలిందా అని అడిగితే, ఆ ఒక్క జవాబు కోసం రెండూళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవి. ఇప్పుడు ఎవరూ అడగరు. అడిగి లాభం లేదని మా కొండలకి మొదట నేర్పినవాణ్ణి నేనే.